ఇంట్లో పాట రికార్డింగ్‌కి ఏ సౌండ్ కార్డ్ కొనాలి?

మొదటిసారి ఇంట్లో పాట రికార్డ్ చేద్దామని కూర్చున్నప్పుడు నేను చేసిన పొరపాటుతో మొదలుపెడతాను. కంప్యూటర్‌లో ఉన్న సౌండ్ నాసిగా ఉంది కాబట్టి మంచి సౌండ్ కార్డ్ ఒకటి వేస్తే సరిపోతుందనుకున్నాను. పెట్టె మీద 24 బిట్, 192 కిలోహెర్ట్జ్, 120 డెసిబెల్స్ అని మెరిసే అక్షరాలతో రాసి ఉన్న కార్డు తెచ్చి మదర్‌బోర్డులో బిగించాను. అంతకు వారం ముందే కొన్న కండెన్సర్ మైక్‌ని రెండు అడాప్టర్లు కలిపి దాని గులాబీ రంగు రంధ్రంలోకి దూర్చాను. ఎంత గొంతు చించుకున్నా మీటర్ కదల్లేదు. మైక్ చెడిపోయిందని అమ్మినవాళ్లతో గొడవ కూడా పెట్టుకున్నాను. మైక్ నిక్షేపంలా ఉంది. దానికి 48 వోల్టుల విద్యుత్తు కావాలి, నేను కొన్న కార్డులో అది ఇచ్చే ఏర్పాటే లేదు.

ఆ కార్డు చెడ్డదేం కాదు. పాటలు వినడానికి, గేమ్స్ ఆడడానికి చక్కగా పనిచేసేది. చిక్కల్లా ఏమిటంటే కంప్యూటర్ లోంచి శబ్దాన్ని బయటికి పంపడం ఒక పని, బయటి శబ్దాన్ని లోపలికి తీసుకోవడం మరో పని. నేను మొదటి పని కోసం చేసిన వస్తువుని రెండో పనికి కొన్నాను. పెట్టె మీది 120 డెసిబెల్స్ కూడా శబ్దం బయటికి వెళ్లే దారిదే. లోపలికి వచ్చే దారి గురించి పెట్టె మీద ఒక్క ముక్క లేదు. చూసుకోవాలని నాకూ తట్టలేదు.

సౌండ్ కార్డ్ అన్న మాటే మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. 1989లో సౌండ్ బ్లాస్టర్ వచ్చినప్పటి నుంచి ఆ మాట కంప్యూటర్ లోపల బిగించే పలకకి, ముఖ్యంగా గేమ్స్ కోసం వాడే పలకకి అంటుకుపోయింది. రికార్డింగ్ చేసేవాళ్లు వాడేది ఇప్పుడు ఎక్కువగా బయట పెట్టుకునే చిన్న డబ్బా. దాన్ని ఆడియో ఇంటర్‌ఫేస్ అంటారు. ఆన్‌లైన్‌లో వెతికేటప్పుడు ఈ రెండో పేరుతో వెతికితే సగం గందరగోళం అక్కడే తప్పుతుంది.

కంప్యూటర్‌లో ఉన్నదే సరిపోదా?

కొందరికి సరిపోతుంది. మీరు మైక్ అసలు వాడకుండా, యూఎస్‌బీ కీబోర్డ్‌తో సాఫ్ట్‌వేర్ వాయిద్యాలు వాయిస్తూ ట్యూన్లు కట్టుకునేవారైతే లోపలికి రావాల్సిన శబ్దమే లేదు. కీబోర్డ్ పంపేది ఏ మీట నొక్కారు, ఎంత గట్టిగా నొక్కారు అన్న సమాచారం మాత్రమే. అలాంటప్పుడు ముందు మంచి హెడ్‌ఫోన్ కొనుక్కోండి. మ్యాక్ వాళ్లకైతే లోపలున్న సౌండ్‌తోనే చాలా దూరం నడిచిపోతుంది. విండోస్‌లో మాత్రం మీట నొక్కాక శబ్దం కాస్త ఆగి వస్తుంది. దాని సంగతి తర్వాత చెబుతాను.

మైక్ పెట్టాలనుకున్న క్షణం నుంచి కథ మారుతుంది. మదర్‌బోర్డు మైక్ రంధ్రం హెడ్‌సెట్‌లలో ఉండే గింజంత మైక్‌ల కోసం పెట్టింది. అది ఇచ్చేది కొద్ది వోల్టులే. అందులో ఉండే యాంప్లిఫయర్ చిన్నది, పైగా ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డ్, ఫ్యాన్లు అన్నీ పక్కనే ఉంటాయి. గెయిన్ (మైక్ శబ్దాన్ని ఎంత పెంచాలో చెప్పే సెట్టింగ్) పెంచి హెడ్‌ఫోన్ పెట్టుకుని వింటే మౌస్ కదిపినప్పుడల్లా కిరకిరలాడడం చాలా కంప్యూటర్లలో మామూలే. దాన్ని తర్వాత సాఫ్ట్‌వేర్‌తో తీసేయొచ్చు కదా అంటారు. తీసేయొచ్చు, గొంతులో జీవం కూడా కొంత దాంతో పాటే పోతుంది.

మిగతా దారులు, వాటి లొసుగులు

గేమింగ్ కార్డుల గురించి ఇప్పటికే నా గోడు చెప్పుకున్నాను. 7.1 సరౌండ్, రంగు లైట్లు, హెడ్‌ఫోన్ యాంప్ అన్నీ ఉంటాయి. పాడేవాడికి కావాల్సిన ఎక్స్‌ఎల్‌ఆర్, అంటే స్టూడియో మైక్ తగిలించే మూడు పిన్నుల సాకెట్ ఉండదు.

ఇంకో రకం డబ్బాలున్నాయి. పది పన్నెండు రంగురంగుల బటన్లు, నొక్కితే చప్పట్లు, నవ్వులు, గొంతు మార్చే ఎఫెక్టులు. పేరులో స్టూడియో అనో లైవ్ అనో ఉంటుంది. ఫోన్‌లో లైవ్ పెట్టి సరదాగా పాడుకోవడానికైతే నాకేం అభ్యంతరం లేదు. రికార్డింగ్‌కి పనికిరావు. వీటిలో చాలావాటి తీరు ఏమిటంటే శబ్దం ఎఫెక్టుతో కలిసిపోయే కంప్యూటర్‌లోకి వెళుతుంది. ఒకసారి కలిసిన రివర్బ్‌ని, అంటే గొంతుకి జోడించే ప్రతిధ్వనిని, మళ్లీ విడదీయడం పాలలో కలిపిన నీళ్లు తీయడం లాంటిది.

కంప్యూటర్ లోపల బిగించే కార్డుల్లోనూ అసలైన రికార్డింగ్ కార్డులు ఉండేవి. ఎమ్-ఆడియో వారి ఆడియోఫైల్ 2496 ఒకప్పుడు ఇంటి స్టూడియోల్లో ఎంతోమంది వాడిన పీసీఐ కార్డు. దాని పేరులోనే 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ ఉంది. ఆర్‌ఎమ్‌ఈ లాంటి సంస్థలు ఇప్పటికీ పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డులు చేస్తున్నాయి. కానీ వీటికి మైక్‌ని నేరుగా తగిలించలేం, మైక్ సన్నటి సిగ్నల్‌ని పెంచే ప్రీయాంప్ విడిగా కొనాలి. పైగా ఇప్పుడు సగం మందికి ఉన్నది లాప్‌టాప్. పాత పీసీఐ కార్డు ఎవరైనా ఉచితంగా ఇస్తానన్నా ముందు మీ మదర్‌బోర్డులో ఆ స్లాట్ ఉందేమో చూసుకోండి, ఉండకపోవడానికే అవకాశం ఎక్కువ. ఫైర్‌వైర్ అనే పాత రకం తీగతో తగిలించే డబ్బాలదీ అదే గతి. వస్తువు బంగారం, తగిలించడానికి పోర్టు లేదు.

యూఎస్‌బీ మైక్ మాత్రం అంత తేలిగ్గా తీసిపారేయాల్సింది కాదు. మైక్, ప్రీయాంప్, సౌండ్ కార్డ్ మూడూ ఒకే గొట్టంలో. ఒక్కరే పాడతారు, ఎప్పటికీ ఒక్క మైకే చాలు, తీగల గొడవ వద్దు అనుకునేవారికి హాయి. కానీ రేపు గిటార్ కూడా తగిలించాలనిపిస్తే దారి లేదు. పాత మైక్ ఉంచుకుని ఇంకో యూఎస్‌బీ మైక్ కొంటే విండోస్‌లో రికార్డింగ్‌కి వాడే ఏషియో డ్రైవర్ (పరికరాన్ని కంప్యూటర్‌తో మాట్లాడించే సాఫ్ట్‌వేర్) ఒకసారికి ఒక పరికరాన్నే పట్టుకుంటుంది. మ్యాక్‌లో రెండింటినీ జోడించే సదుపాయం ఉంది కానీ ఏ మైక్ గడియారం దానిదే కాబట్టి, ఆ తేడా సర్దే సెట్టింగ్ పెట్టకపోతే పాట సాగే కొద్దీ రెండు ట్రాకులూ ఒకదానికొకటి ఎడమవుతాయి.

యూఎస్‌బీ మిక్సర్ చూడగానే ఆశ పుడుతుంది. ఎనిమిది ఛానెళ్లు, బోలెడన్ని నాబ్‌లు, అసలైన స్టూడియోలా కనిపిస్తుంది. కొనే ముందు ఒక్క ప్రశ్న వేయండి: కంప్యూటర్‌లోకి ఎన్ని ట్రాకులు వెళతాయి? చాలా చవక మిక్సర్లు ఎనిమిదింటినీ కలిపి ఒక్క స్టీరియో ట్రాకుగా పంపుతాయి. గొంతు తగ్గించి గిటార్ పెంచుదామంటే కుదరదు, రెండూ ఒకే ట్రాకులో అతుక్కుపోయి ఉంటాయి. అన్ని ఛానెళ్లనూ విడివిడిగా పంపేవి ఉన్నాయి, వాటిని కొనేది అది చూసే.

ఇక మిగిలింది యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్. ఇల్లు, ఒకరిద్దరు మనుషులు, మైక్, ఒక వాయిద్యం అన్నప్పుడు పదిమందిలో తొమ్మిదిమందికి నేను చెప్పేది ఇదే. యూఎస్‌బీ కంటే వేగమైన థండర్‌బోల్ట్ కనెక్షన్ మేలు కదా అని అడుగుతారు. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో ఒక ఛానెల్‌కి సెకనుకి దాదాపు 1.15 మెగాబిట్లు కావాలి. ఎనిమిది ఛానెళ్లకి 9 పైచిలుకు. పాత యూఎస్‌బీ 2.0 మోయగలిగేది 480. దారి ఎంత వెడల్పో చూశారుగా. తీగ చివర టైప్-సీ ఉందా, చదరపు సాకెట్ ఉందా అన్నదాన్ని బట్టి శబ్దం మారదు. థండర్‌బోల్ట్ అక్కరకొచ్చేది పెద్ద ఛానెళ్ల లెక్కకి, బాగా తక్కువ ఆలస్యానికి. ఇప్పుడే మొదలుపెట్టేవారికి ఆ అవసరం రాదు.

ఎన్ని ఇన్‌పుట్లు?

రెండు. దీనిమీద నేను మొండిగానే ఉంటాను. ఒకటి చాలనుకున్నవాళ్లు ఏడాది తిరక్కుండా గిటార్ వాయిస్తూ పాడాలనుకుంటారు, లేదా తబలాకి కుడి ఎడమలకి చెరో మైక్ పెట్టాలనుకుంటారు. ఎనిమిది కావాలనుకున్నవాళ్లు ఆరింటిని ఎప్పుడూ తగిలించరు. ఒక్కరే ఒకదాని తర్వాత ఒకటి వాయించుకుంటూ వంద ట్రాకుల పాట అయినా రెండు ఇన్‌పుట్లతో కట్టొచ్చు. డ్రమ్ సెట్ రికార్డ్ చేసేవాళ్లది వేరే లెక్క. వాళ్లకి తక్కువలో తక్కువ నాలుగు, హాయిగా ఉండాలంటే ఎనిమిది. అలాంటి ఆలోచన ముందు ముందు ఉంటే ఏడాట్ ఆప్టికల్ ఇన్‌పుట్ ఉన్న డబ్బా చూసుకోండి. దానికి మరో ఎనిమిది ప్రీయాంప్‌ల పెట్టె తర్వాత జోడించుకోవచ్చు, 48 కిలోహెర్ట్జ్ వరకు ఎనిమిదీ వస్తాయి, 96లో నాలుగే వస్తాయి.

పెట్టె మీద ఇన్‌పుట్ల లెక్క నమ్మకండి. కంప్యూటర్ శబ్దాన్నే తిరిగి లోపలికి పంపే లూప్‌బ్యాక్‌ని కూడా కొందరు ఇన్‌పుట్‌గా లెక్కవేస్తారు. ముందు ప్యానెల్ ఫొటో చూసి ఎక్స్‌ఎల్‌ఆర్ మైక్ సాకెట్లు ఎన్నున్నాయో మీ కళ్లతో లెక్కపెట్టండి. ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలోకి రెండు ఇన్‌పుట్లు ఉన్నమాట నిజమే, కానీ మైక్ పట్టేది ఒక్కదానికే. రెండు మైక్‌లు కావాలంటే దాని అన్న 2ఐ2 తీసుకోవాలి. బెరింగర్‌లోనూ అంతే. యూఎమ్‌సీ22, యూఎమ్‌సీ202హెచ్‌డీ పేర్లు అన్నదమ్ముల్లా ఉంటాయి. మొదటిదానికి ఒక్క మైక్ ప్రీయాంప్, 48 కిలోహెర్ట్జ్ పరిమితి. రెండోదానికి రెండు మైక్ ప్రీయాంప్‌లు, 24 బిట్, సంస్థ సొంత ఏషియో డ్రైవర్. చవకలో కొనాలంటే 202హెచ్‌డీ దగ్గర ఆగండి, అంతకంటే కిందికి దిగకండి.

గిటార్ వాయించేవాళ్లు ఇన్‌స్ట్రుమెంట్ అనో హై-జీ (Hi-Z) అనో రాసిన బటన్ ఉందో లేదో చూసుకోవాలి. గిటార్ పికప్‌కి సుమారు 1 మెగాఓమ్ ఇంపీడెన్స్ (విద్యుత్తుకి అడ్డు) ఉన్న ఇన్‌పుట్ కావాలి. మామూలు లైన్ ఇన్‌పుట్‌లో పెడితే పైస్వరాలు చచ్చిపోయి దుప్పటి కప్పినట్టు వినిపిస్తుంది. గిటార్ పాడైందేమో అనుకుంటారు, కాదు.

మైక్‌ని బట్టి ప్రీయాంప్

అసలు బేరం ఇక్కడుంది, ఎక్కువమంది చూడనిదీ ఇదే. మైక్ నుంచి వచ్చే సిగ్నల్ చాలా సన్నటిది, దాన్ని వందల రెట్లు పెంచాలి. ఎంత పెంచాలన్నది మీ మైక్‌ని బట్టి ఉంటుంది. ఆడియో-టెక్నికా ఏటీ2020 అనే కండెన్సర్ మైక్ ఒక పాస్కల్ శబ్ద పీడనానికి 14 మిల్లీవోల్టులు ఇస్తుంది. ష్యూర్ ఎస్‌ఎమ్7బీ అనే డైనమిక్ మైక్ (48 వోల్టులు అక్కర్లేని రకం) అంతే శబ్దానికి ఇచ్చేది 1.12 మిల్లీవోల్టులు. పన్నెండు రెట్లకి పైగా తేడా. అందుకే ఎస్‌ఎమ్7బీకి 60 డెసిబెల్స్ గెయిన్ ఉండాలంటారు.

ఇప్పుడు డబ్బాల వైపు చూడండి. 2019లో వచ్చిన మూడో తరం స్కార్లెట్ 2ఐ2 ఇచ్చే గెయిన్ 56 డెసిబెల్స్. కండెన్సర్‌కి దర్జాగా సరిపోతుంది. ఎస్‌ఎమ్7బీకి నాబ్ చివరి దాకా తిప్పినా చాలదు, ఆ చివర్లో సుయ్‌మనే హిస్ కూడా పైకి తేలుతుంది. 2023లో వచ్చిన నాలుగో తరంలో అదే 2ఐ2కి 69 డెసిబెల్స్ ఇచ్చారు. రెండు డబ్బాలూ ఎర్రగా ఒకేలా ఉంటాయి, పేరూ ఒకటే. పాతది చవకగా వస్తుంటే మీ మైక్ ఏదో చూసుకుని తీసుకోండి, కండెన్సరే అయితే పాతదాంతో మీకేమీ తక్కువ కాదు. ఇప్పటికే తక్కువ గెయిన్ డబ్బా ఉండి, చేతిలో డైనమిక్ మైక్ ఉంటే క్లౌడ్‌లిఫ్టర్ లాంటి చిన్న బూస్టర్ మధ్యలో పెట్టుకోవచ్చు. ఫాంటమ్ పవర్, అంటే ఆ 48 వోల్టులే, వాడుకుని 25 డెసిబెల్స్ దాకా కలుపుతుంది. అయితే ఆ ఖర్చు కూడా లెక్కలో వేసుకుంటే కొత్త డబ్బాయే మేలని తేలొచ్చు.

ప్రీయాంప్ ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో చెప్పే అంకె ఈఐఎన్. మైనస్ 128 డీబీయూ చుట్టుపక్కల ఉంటే బాగున్నట్టే. 150 ఓమ్‌ల రెసిస్టర్ వేడి వల్లే పుట్టే రొద మైనస్ 131 దగ్గర ఉంటుంది, భౌతికశాస్త్రం అంతకంటే కిందికి పోనివ్వదు. కాబట్టి మంచి డబ్బాకీ ఇంకా మంచి డబ్బాకీ మిగిలిన తేడా రెండు మూడు డెసిబెల్సే. వార్మ్ సౌండ్, స్టూడియో రుచి అంటూ రాసే మాటల్ని నేను పెద్దగా పట్టించుకోను. ఎస్‌ఎస్‌ఎల్ 2లో 4కే బటన్, యూనివర్సల్ ఆడియో వోల్ట్‌లో వింటేజ్ బటన్ శబ్దాన్ని నిజంగానే కొంచెం మారుస్తాయి. నచ్చితే నొక్కండి, వాటి కోసమని ఎక్కువ పెట్టి కొనకండి. ఆ బటన్ నొక్కి రికార్డ్ చేశాక వెనక్కి తీసుకోలేం కూడా.

పాడిన మాట ఆలస్యంగా వినిపిస్తే

హెడ్‌ఫోన్‌లో మీ గొంతు మీకే కాస్త ఆలస్యంగా వినిపిస్తే తాళం తప్పుతుంది, కాసేపటికి పాడాలన్న ఉత్సాహమే పోతుంది. దీన్ని లేటెన్సీ అంటారు. శబ్దం మైక్ నుంచి డబ్బాలోకి, కంప్యూటర్‌లోకి, సాఫ్ట్‌వేర్‌లోకి, మళ్లీ వెనక్కి రావాలి. బఫర్ (కంప్యూటర్ ఒక్కోసారి కూడగట్టుకునే శబ్దపు ముక్క) 256 శాంపిల్స్, రేటు 48 కిలోహెర్ట్జ్ అనుకుంటే ఒక వైపుకే 5.3 మిల్లీసెకన్లు. రెండు వైపులా కలిపి, కన్వర్టర్ల ఆలస్యం, యూఎస్‌బీ ఆలస్యం జోడిస్తే పది దాటుతుంది. గాలిలో శబ్దం ఒక మిల్లీసెకనుకి సుమారు 34 సెంటీమీటర్లు పోతుంది కాబట్టి, 10 మిల్లీసెకన్లంటే మూడున్నర మీటర్ల దూరంలో స్పీకర్ పెట్టుకుని వాయించినట్టు. గిటార్ వాయించేవాడు దాన్ని భరించగలడు. గాయకులకి ఇంతకంటే తక్కువ ఆలస్యం కూడా ఇబ్బందే, ఎందుకంటే సొంత గొంతు తల లోపలి నుంచి అప్పటికే వినిపిస్తూ ఉంటుంది.

గాయకులకి దీని మందు డైరెక్ట్ మానిటర్. మైక్ శబ్దాన్ని కంప్యూటర్ దాకా పోనివ్వకుండా డబ్బాలోనే మళ్లించి హెడ్‌ఫోన్‌కి ఇస్తుంది. ఆలస్యం దాదాపు సున్నా. ఇప్పటి డబ్బాల్లో దాదాపు అన్నిటిలో ఉంటుంది, కాకపోతే కొన్నిటిలో ఆన్, ఆఫ్ స్విచ్ మాత్రమే, కొన్నిటిలో మీ గొంతుని, వెనకాల సంగీతాన్ని సరిచూసుకునే నాబ్. నాబ్ ఉంటే మరీ హాయి. కేవలం పాడే మనిషైతే ఇక లేటెన్సీ అంకెల గురించి టెన్షన్ వదిలేయొచ్చు.

వదలలేనివాళ్లు రెండు రకాలు. గిటార్‌ని సాఫ్ట్‌వేర్ యాంప్ ద్వారా వినేవాళ్లు, కీబోర్డ్‌తో సాఫ్ట్‌వేర్ పియానో వాయించేవాళ్లు. వాళ్లు వినే శబ్దం పుట్టేదే కంప్యూటర్‌లో కాబట్టి డైరెక్ట్ మానిటర్ పనికిరాదు. వాళ్లకి ప్రీయాంప్ కంటే డ్రైవర్ ముఖ్యం. మ్యాక్‌లో కోర్ ఆడియో ఈ పనంతా చూసుకుంటుంది. విండోస్‌లో 1997లో స్టైన్‌బర్గ్ తెచ్చిన ఏషియో అనే పద్ధతి ఇప్పటికీ దిక్కు. తయారుచేసిన సంస్థ తన డబ్బా కోసం సొంతంగా రాసిన ఏషియో డ్రైవర్ ఉందా అన్నది చూడండి. ఏషియో4ఆల్ పెట్టుకోండి అని సలహా ఇస్తున్నారంటే సొంతది లేదని అర్థం. ఏషియో4ఆల్ విండోస్ మామూలు డ్రైవర్‌కి తొడిగిన ముసుగు, అవసరానికి ఆదుకుంటుంది కానీ నమ్ముకోదగ్గది కాదు. మోటు ఎమ్2, ఆర్‌ఎమ్‌ఈ బేబీఫేస్ ప్రో ఎఫ్‌ఎస్ ఈ విషయంలో మంచి పేరున్నవి. రెండోది చాలా ఖరీదైనది.

డ్రైవర్‌కి ఇంకో కోణం ఉంది. నా రెండో ఇంటర్‌ఫేస్ ఇప్పటికీ అలమారలో ఉంది. నాబ్‌లు గరగరలాడవు, గీత కూడా పడలేదు. ఆపరేటింగ్ సిస్టమ్ కొత్తది వేసుకున్న రోజు అది ఇటుకరాయి అయిపోయింది, సంస్థ దానికి డ్రైవర్లు రాయడం మానేసింది. అప్పటి నుంచి నేను మొదట చూసేది క్లాస్ కంప్లయంట్ అన్న మాట. అంటే సొంత డ్రైవర్ లేకపోయినా ఆపరేటింగ్ సిస్టమ్ ప్రామాణిక డ్రైవర్‌తోనే పనిచేస్తుంది. మ్యాక్, లినక్స్, ఐప్యాడ్‌లలో తగిలిస్తే చాలు. విండోస్‌లో యూఎస్‌బీ ఆడియో క్లాస్ 2 డ్రైవర్ 2017లో విండోస్ 10 వెర్షన్ 1703తో వచ్చింది. రేపు సంస్థ చేతులెత్తేసినా డబ్బా బతికే ఉంటుంది. లినక్స్ వాడేవాళ్లకి ఇది సలహా కాదు, షరతు.

బిట్లు, కిలోహెర్ట్జ్‌లు

వీటి మీద ఎక్కువసేపు నిలబడను. 24 బిట్ ఉండాలి. 16 బిట్‌కి సిద్ధాంతం ప్రకారం 96 డెసిబెల్స్ పరిధి, 24 బిట్‌కి 144. ఈ 144ని ఏ డబ్బా అందుకోదు, కానీ గెయిన్ కాస్త తక్కువ పెట్టుకుని, పీక్‌లు మైనస్ 12 దగ్గర ఉంచుకుని నిశ్చింతగా పాడుకునే వెసులుబాటు దానివల్లే వస్తుంది. 32 బిట్ ఫ్లోట్ ఉన్నవి కొన్ని వచ్చాయి. అరుపులు, గుసగుసలు ఒకే టేక్‌లో వచ్చే బయటి రికార్డింగ్‌లకి అవి వరం. ఇంట్లో కూర్చుని ఒకసారి లెవెల్ చూసుకునే ఓపిక ఉన్నవాళ్లకి అక్కర్లేదు.

శాంపిల్ రేటు (శబ్దాన్ని సెకనుకి ఎన్ని వేలసార్లు కొలుస్తుందో చెప్పే అంకె) 48 పెట్టుకుని మరిచిపోండి. మన చెవి 20 కిలోహెర్ట్జ్ దాటి వినదు, 48 అంతవరకు పట్టుకుంటుంది. 24 బిట్, 48లో ఒక మోనో ట్రాకు నిమిషానికి 8.6 మెగాబైట్లు తింటే 192లో దానికి నాలుగింతలు తింటుంది, ప్రాసెసర్‌ని కూడా నలిపేస్తుంది. ఎలాగూ ఇప్పుడొచ్చే డబ్బాల్లో ఎక్కువ భాగం 192 దాకా పోతాయి, కాబట్టి ఆ అంకె ఎంచుకోవడానికి పనికొచ్చేది కూడా కాదు.

హెడ్‌ఫోన్, కరెంటు

ఇంట్లో స్పీకర్లు లేకపోతే హెడ్‌ఫోన్ అవుట్‌పుటే మీ స్టూడియో. బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో లాంటివి 80, 250 ఓమ్‌ల రకాలుగా దొరుకుతాయి. చిన్న డబ్బాలు 250ని తగినంత గట్టిగా మోగించలేక నీరసపడతాయి. హెడ్‌ఫోన్ ఇంకా కొనకపోతే తక్కువ ఓమ్‌లది కొనండి, గొడవ ఉండదు. ఇద్దరు కలిసి పాడేట్టయితే రెండు హెడ్‌ఫోన్ సాకెట్లున్న డబ్బా చూడండి, ఎస్‌ఎస్‌ఎల్ 2+ అలాంటిది.

ఈ చిన్న డబ్బాలు కరెంటుని యూఎస్‌బీ నుంచే లాక్కుంటాయి. 5 వోల్టుల నుంచి 48 వోల్టులు చేసుకోవాలి కాబట్టి చవక హబ్ మధ్యలో పెడితే కండెన్సర్ మైక్ మూలుగుతుంది, ఒక్కోసారి డబ్బాయే ఆగిపోతుంది. నేరుగా కంప్యూటర్‌కే తగిలించండి. గుయ్‌మని హమ్ వస్తే డబ్బాని తిట్టే ముందు లాప్‌టాప్ ఛార్జర్ పీకి చూడండి. హమ్ ఆగిందంటే దోషం ఛార్జర్‌ది, లేదా ఇంటి ఎర్తింగ్‌ది.

పెట్టెతో వచ్చే ఉచిత సాఫ్ట్‌వేర్‌ని చూసి డబ్బాని ఎంచుకోకండి. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌ని 60 రోజులు డబ్బు కట్టకుండా పూర్తిగా వాడి చూడొచ్చు. ఐదు పిన్నుల మిడీ సాకెట్ పాత కీబోర్డ్ ఉన్నవాళ్లకే కావాలి. లూప్‌బ్యాక్ లైవ్ చేసేవాళ్లకి కావాలి.

మరి ఏది కొనాలి?

పాట, అప్పుడప్పుడు గిటార్, పెద్ద పట్టింపులు లేవు అంటే నాలుగో తరం స్కార్లెట్ 2ఐ2. దానికి ఆటో గెయిన్ ఉంది, కొన్ని సెకన్లు పాడితే లెవెల్ అదే పెట్టుకుంటుంది. మొదట్లో లెవెల్ సంగతి తెలియనివాళ్లకి ఇది నిజంగా మేలు చేసేది. సాఫ్ట్‌వేర్ వాయిద్యాలు ఎక్కువ వాయించేవారైతే నేను మోటు ఎమ్2 వైపు మొగ్గుతాను. ముందు ప్యానెల్ మీద చిన్న తెరలో మీటర్లు కదులుతుంటాయి, చాలా డబ్బాల్లో ఎరుపు పచ్చ లైటు చూసి ఊహించుకోవాలి. ఒక్క మైక్ చాలు, వస్తువు గట్టిగా ఉండాలి అంటే ఆడియెంట్ ఐడీ4. లోహపు డబ్బా, పెద్ద నాబ్, మంచి ప్రీయాంప్. దాని గెయిన్ 58 డెసిబెల్స్ అని గుర్తుంచుకుంటే చాలు. చేతిలో డబ్బు తక్కువైతే యూఎమ్‌సీ202హెచ్‌డీ కొని, మిగిలింది మైక్ మీద పెట్టండి. ఖరీదైన డబ్బాకి నాసి మైక్ తగిలించడం కంటే ఇది వెయ్యిరెట్లు నయం.

పాతవి కొనడం నాకిష్టం, ఈ డబ్బాల్లో అరిగిపోయే భాగాలు తక్కువ. అయితే కొనేముందు మూడు పనులు చేయండి. సంస్థ వెబ్‌సైట్‌లో మీ ఆపరేటింగ్ సిస్టమ్ వెర్షన్‌కి డ్రైవర్ ఉందేమో చూడండి. యూఎస్‌బీ తీగ పెట్టి మెల్లగా కదపండి, కనెక్షన్ పోతూ వస్తూ ఉంటే వదిలేయండి. కండెన్సర్ మైక్ ఒకటి పట్టుకెళ్లి ప్రతి ఇన్‌పుట్‌లోనూ 48 వోల్టులు వస్తున్నాయో లేదో మాట్లాడి చూడండి.

కొత్తదైనా పాతదైనా ఇంటికి తెచ్చిన వారంలోనే, తిరిగి ఇచ్చే గడువు ఉండగానే ఏడిపించండి. అరగంట ఆపకుండా ప్లే చేస్తూ చిటపటలు వస్తున్నాయేమో వినండి. విండోస్‌లో వస్తే లేటెన్సీమాన్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఏ డ్రైవర్ అడ్డుపడుతోందో చూపిస్తుంది. చాలాసార్లు దొంగ వై-ఫై డ్రైవరే. రికార్డ్ చేసిన పాట మరోచోట పెట్టగానే శ్రుతి ఒకటిన్నర అరస్వరం మారినట్టు వినిపిస్తే డబ్బా తప్పు కాదు, ఒకచోట 44.1, ఇంకోచోట 48 పెట్టి ఉంటుంది.

చివరగా ఒక నిమిషం నిశ్శబ్దాన్ని రికార్డ్ చేయండి. మైక్ పెట్టి, పాడే గెయిన్‌లోనే ఉంచి, నోరు మూసుకుని కూర్చోండి. తర్వాత మైక్ పీకేసి అదే గెయిన్‌లో ఇంకో నిమిషం. రెండూ హెడ్‌ఫోన్‌లో పెంచుకుని వినండి. రెండోదాంట్లో వినిపించేది డబ్బా రొద, మొదటిదాంట్లో అదనంగా వినిపించేదాంట్లో ఎక్కువ భాగం మీ గది. నా మూడో ఇంటర్‌ఫేస్‌ని గుర్రుమంటోందని తిరిగి ఇచ్చేద్దామనుకుని పెట్టెలో సర్దాక ఈ పరీక్ష చేశాను. ఆ గుర్రు పక్కగదిలో ఫ్రిజ్‌ది. అప్పటి నుంచి టేక్ ముందు ఫ్రిజ్ ఆపుతాను, కారు తాళాలు ఫ్రిజ్‌లో పెడతాను. లేకపోతే మళ్లీ ఆన్ చేయడం గుర్తుండదు.